తెల్లబారిన గుడ్లు

వీరాంజనేయులు హేచరీలో స్తుతి చేసే పని ఏమిటో ఊళ్లో చాలామందికి సరిగ్గా తెలియదు. "గుడ్లు చూసే పిల్ల" అనేవారు. ఆ మాటలో కొంచెం ఎగతాళీ ఉండేది, కొంచెం మెచ్చుకోలూ ఉండేది. గుంటూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదివి వచ్చిన పిల్ల, ప్యాంటు పైకి మడిచి మోకాలి లోతు నీళ్లలో దిగి, మేకపిల్లంత బొచ్చె చేపను రెండు చేతులా పొదివి పట్టుకుని గట్టుకు తెస్తుంటే చూసినవాళ్లకు ఇంకేమనాలో తోచేది కాదు మరి.

ఆ హేచరీ చిలకలూరిపేట నుంచి మార్టూరు వైపు వెళ్లే దారికి లోపలగా, సాగర్ కాలువ నుంచి చీలిన పిల్లకాలువ ఒంపు తిరిగే చోట ఉంది. చుట్టూ నల్లరేగడి. ఎటు చూసినా మిరప, లేదంటే పత్తి. మధ్యలో చెరువులు, గుండ్రటి సిమెంటు తొట్లు, రేకుల షెడ్డు. చేపపిల్లల కోసం కైకలూరు దాకా పోనక్కర్లేకుండా ఇక్కడే పుట్టిస్తే చుట్టుపక్కల చెరువులవాళ్లంతా తన గుమ్మంలోకే వస్తారని, తాత కాలంలో పొగాకు కాల్చిన బ్యారన్‌లు పడగొట్టి మరీ కట్టాడు వీరాంజనేయులు.

స్తుతి తండ్రి జక్రయ్య ఆ ఊరి కాలనీలో మందు కొట్టే ముఠాకు మేస్త్రీ. మిరపకు, పత్తికి పురుగుమందు కొట్టాలంటే రైతులు ముందు అతనికే కబురు పంపేవారు. గాలి వాటం చూసి సాళ్లు పట్టడంలో, ఆకు అడుగున కూడా తడిచేలా కొట్టడంలో అతని చెయ్యి మంచిదని పేరు. సాయంత్రం ఇంటికొచ్చాక బావి దగ్గర ఎంతసేపు రుద్దుకున్నా ఆ వాసన ఒంటిని వదిలేది కాదు. చిన్నప్పుడు స్తుతికి నాన్న వాసనంటే అదే. వేరే ఇళ్లలో నాన్నలకు ఆ వాసన ఉండదని తెలిసేసరికి ఆమె హైస్కూలుకు వచ్చింది. తల్లి రెబ్కా మిరపకాయల కోతకు పోయేది. ఇద్దరి కష్టంతో కూతురు చదువుకుంది. కాలనీలో మొదటి ఎమ్మెస్సీ తనే. పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో పేరు చెప్పి మరీ ప్రార్థన చేశారు.

చదువయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పింది. పిల్లలు చేరడం లేదని వాళ్లు జువాలజీ ఎత్తేశారు. టీచరు పోస్టుల పరీక్ష రాసి, ఫలితాల కోసం చూసి, మళ్లీ రాసి విసిగిపోయింది. అప్పుడు వీరాంజనేయులే కబురు పెట్టాడు. సొంత ఊళ్లో, చదివిన చదువుకు దగ్గరగా ఉన్న పని. జక్రయ్య సంతోషానికి హద్దు లేదు. "ఎండలో పని కాదుగా?" అని ఒక్కటే అడిగాడు. ఎండలోనే అని స్తుతి చెప్పలేదు.

తొలకరి పడిందంటే ఆమెకు ఊపిరి సలిపేది కాదు. చెరువులో వల లాగించి, పొట్ట నిండుగా, మెత్తగా ఉన్న తల్లి చేపల్ని ఏరేది. సన్నటి గొట్టంతో ఒక్కో తల్లి నుంచి నాలుగు గుడ్లు తీసి గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసేది. పక్వానికి వచ్చిన వాటికే గుడ్లు పెట్టించే సూది మందు వేసి, మగచేపలతో కలిపి తొట్లో వదిలించేది. తెల్లారేసరికి గుడ్లు పెట్టేవి. అవి నీళ్లు పీల్చి ఉబ్బి, ఉడికిన సగ్గుబియ్యంలా అద్దంలా మెరుస్తూ తొట్లో గిరగిరా తిరుగుతుంటే, ఒక్కోదానిలో చిన్న చుక్క కదలడం కంటికే కనిపించేది. ప్రాణం ఉన్న గుడ్డు గాజులా ఉంటుంది. చచ్చిన గుడ్డు పాలు పోసినట్టు తెల్లబారిపోతుంది. తేడా తెలియడానికి ఎమ్మెస్సీ చదవక్కర్లేదు.

మొదటి రెండు సీజన్లు బాగానే నడిచాయి. మూడో ఏడు దెబ్బ తగిలింది.

ఆ జూలైలో తల్లులు పైకి నిండుగానే కనిపించాయి. సూది మందు వేశారు, గుడ్లూ పెట్టాయి. పొద్దున స్తుతి వచ్చేసరికి తొట్టి మీద తెల్లటి తెట్టు కట్టి ఉంది. తొట్లు కడిగే మాబూబీ చేతిలో జల్లెడ పట్టుకుని నిలబడింది.

"అన్నీ ఇంతేనా పిన్నీ?" అంది స్తుతి.

"కింద కాసిని బాగున్నట్టున్నాయమ్మాయ్. అవి కూడా మధ్యాహ్నానికి ఇట్లాగే అవుతాయేమో."

అయ్యాయి. మరో జట్టు చేపలకు సూది వేశారు. అదీ అంతే. మూడో జట్టులో సగం తల్లులు అసలు గుడ్లే పెట్టలేదు.

వీరాంజనేయులు అరిచే మనిషి కాదు. మెల్లగా, మర్యాదగా, మనిషిని చిన్నబుచ్చేలా మాట్లాడేవాడు. "సూది మందు ఎక్కువైందేమో చూసుకో స్తుతీ," అన్నాడు మొదటిరోజు. "పుస్తకంలో ఉన్నట్టు కాదుగదా అన్నీ," అన్నాడు రెండోరోజు. మూడోరోజు ఏమీ అనకుండా తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లిపోయాడు. ఆ మర్నాడు షెడ్డు ముందు గుమ్మడికాయ కట్టించి, కోడిని కోయించాడు. స్తుతి లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడింది. తను నిలబడటాన్ని అతను గమనించాడని ఆమెకూ తెలుసు.

ఆ వారంలోనే ఒక తల్లి బొచ్చె చచ్చి తేలింది. స్తుతి దాన్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయి పొట్ట కోసింది. పక్కన మాబూబీ గొంతుక్కూచుంది. లోపల గుడ్ల సంచి నిండుగానే ఉంది. కానీ విప్పి చూస్తే గుడ్లు గుడ్లుగా లేవు. కొన్ని ముద్దకట్టి, కొన్ని గోధుమరంగుకు తిరిగి, కొన్ని కరిగి జిగురై ఉన్నాయి. మైక్రోస్కోపు కింద పెడితే పొరలు చిరిగి, లోపలి పచ్చసొన బయటికి కారిపోయి కనిపించింది.

"ఏమైంది వీటికి?" అంది మాబూబీ.

"తల్లికి తట్టుకోలేని కష్టమేదో వచ్చింది పిన్నీ. నీళ్లలో పడనిది కలిసినా, నీళ్లు మరీ కాగినా, కడుపులో గుడ్లు సరిగ్గా పెరగవు. అలాంటప్పుడు తల్లి వాటిని మళ్లీ తన ఒంట్లోకే కలిపేసుకుంటుంది. తను బతకడానికి."

మాబూబీ కాసేపు ఆ ముద్దవంకే చూసింది. "పైకి మాత్రం నిండుగా కనబడుతుంది పాపం," అని లేచి చేతులు కడుక్కుంది.

గుడ్డు జూలైలో పెట్టినా అది తల్లి కడుపులో తయారయ్యేది చలికాలం నుంచి ఎండాకాలం దాకా. ఇది స్తుతికి పరీక్షల కోసం చదివిన నాటి నుంచీ తెలుసు. తెలిసినదాన్ని చుట్టూ ఉన్న చేలతో కలిపి ఎప్పుడూ చూసుకోలేదు, అంతే. తల్లుల చెరువు నింపేది చలికాలంలో, కాలువ నీళ్లతో. అప్పుడే మిరపకు నల్లతామర పట్టేది. ఆ పురుగు వచ్చినప్పటి నుంచి రైతులు పిచ్చెత్తినట్టు మందులు కొట్టిస్తున్నారు. ఒకటి పనిచేయకపోతే రెండు కలిపి, రెండూ పనిచేయకపోతే దుకాణంవాడు చేతిలో పెట్టిన పేరు లేని సీసా కలిపి. చేలకు కట్టిన నీళ్లు మిగిలి, మురుగుకాలువలోకి దిగి, హేచరీ తూముకు కొంచెం ఎగువన పిల్లకాలువలో కలుస్తాయి. మార్చి తర్వాత కాలువ కట్టేస్తారు. ఇక కొత్త నీరు రాదు. ఉన్న నీరు మే నెల ఎండకు సగానికి ఇంకి, స్నానానికి కాచినట్టు అవుతుంది. చలికాలంలో వచ్చి చేరిందంతా ఆ సగం నీళ్లలోనే మిగులుతుంది. తల్లులు అందులోనే బతకాలి.

ఇదంతా వీరాంజనేయులుకు చెప్పి, షెడ్డు పక్కనున్న చిన్న చెరువు అడిగింది. కొన్ని తల్లుల్ని అందులో వేసి, బోరు నీళ్లు మాత్రమే పెట్టి, ఎండాకాలం పైన పచ్చ వల కప్పి చూస్తానంది. అతను ఒప్పుకున్నాడు. "సరే, నీ చదువు కూడా చూద్దాం," అన్నాడు.

ఆ చలికాలంలోనే ఒకరోజు మధ్యాహ్నం ఆమె కాలువగట్టు పట్టుకుని ఎగువకు నడిచింది. మురుగు కలిసే చోటు చూద్దామని. అక్కడ మురుగు తూము దగ్గర మందు కొట్టే ముఠా అన్నాలకు ఆగింది. వీపుకు తగిలించుకునే తైవాన్ పంపులు బోర్లించి ఉన్నాయి. ఒకతను నీలం డ్రమ్ములో మందు కలిపిన కర్రను కాలువలో జాడిస్తున్నాడు. ఇంకొకరు మెట్టు మీద కూచుని పంపు ట్యాంకును కాలువలో ముంచి, కుదిపి, పారబోసి, మళ్లీ ముంచుతున్నారు. పాలలాంటి నీళ్లు నెమ్మదిగా దిగువకు సాగుతున్నాయి.

కూచున్నది జక్రయ్య.

కూతుర్ని చూసి అతని మొహం వెలిగింది. "ఇటొచ్చావేంటమ్మా? అన్నం తిన్నావా?"

తండ్రి ఈ పని చేస్తాడని ఆమెకు తెలియక కాదు. ఎక్కడ కడుగుతాడో ఎన్నడూ అడగలేదు. ఆ పక్కనే కూచుని, మిగతావాళ్లకు వినబడకుండా, మెల్లగా చెప్పింది. జక్రయ్య అంతా విన్నాడు. ఒకసారి దిగువకు, హేచరీ వైపు చూశాడు.

"మరి ఎక్కడ కడగమంటావు? యలమందయ్యగారి బోరు దగ్గరికి పోతే తిడతాడు. కడక్కుండా రెండో మందు పోస్తే మొదటిదానితో కలిసి ఆకు మాడుద్ది. అప్పుడూ తిడతాడు."

"చేలోనే ఒక గుంట తీసి, అక్కడికి నీళ్లు మోసుకుపోతే?"

"చూస్తాలే," అన్నాడు.

చూశాడు కూడా. కొన్నాళ్లు బిందెలతో నీళ్లు మోయించి చేలోనే కడిగించాడు. యలమందయ్య గట్టు మీద నిలబడి చూశాడు. ఊళ్లో ఎక్కువ మిరప వేసేది అతనే, సొంతం కాక కౌలుకు కూడా. పైగా వీరాంజనేయులు భార్యకు అన్న. "ఒరే జక్రయ్యా, మందు కొట్టడానికి వచ్చారా, నీళ్లు మొయ్యడానికి వచ్చారా? పొద్దు గూకుతోంది," అన్నాడు. మర్నాడు ముఠా మళ్లీ తూము దగ్గరికే పోయింది. స్తుతి అడగలేదు. అతనూ చెప్పలేదు. ఇంట్లో ఇద్దరి మధ్యా ఆ ఒక్క మాటా మిగిలిపోయింది.

మరుసటి జూలై వచ్చింది. చిన్న చెరువు తల్లుల గుడ్లు గాజులా మెరిశాయి. తొట్లో చేతులు పెట్టి తీస్తే వేళ్ల సందుల్లోంచి జారిపోతూ, ఒక్కోటీ కదిలే చుక్కతో. పెద్ద చెరువు తల్లులవి తెల్లబారాయి. రెండు తొట్లూ పక్కపక్కనే ఉన్నాయి. వీరాంజనేయులు ఒక తొట్టి దగ్గర నుంచి ఇంకో తొట్టి దగ్గరికి, మళ్లీ మొదటిదాని దగ్గరికి నడిచాడు. మొదటిసారి ఆమె భుజం తట్టాడు.

"ఇప్పుడు చెప్పు. ఏం చెయ్యాలి?"

ఆ రోజు కలిగిన సంతోషాన్ని తర్వాత ఎప్పుడు గుర్తు తెచ్చుకున్నా స్తుతికి సిగ్గుగానే ఉండేది. ఎవరో తన మాట వింటున్నారు. పాఠం చెప్పినట్టు చెప్పింది. అసలు బెడద చేల మురుగండీ, దాన్ని కాలువలో కలవకుండా పక్కకు మళ్లించాలి. ఎండాకాలం చెరువుకు నీడ, కొత్త నీరు కావాలి. ఎగువ రైతులతో మాట్లాడి మందులు తగ్గించుకోమనాలి. చివర్లో, అన్నీ చెప్పాలి కాబట్టి చెప్పింది: తూము దగ్గర పంపులు, డ్రమ్ములు కూడా కడుగుతున్నారు, అది కూడా ఆపితే మంచిది.

"తూము దగ్గరా?" అన్నాడు వీరాంజనేయులు. అప్పటిదాకా వినీ విననట్టున్నవాడు నిటారుగా నిలబడ్డాడు. "ఎవరు?"

"అందరూనండి. మందు కొట్టేవాళ్లందరూ."

"అదీ సంగతి," అన్నాడతను, ఏదో దొరికినట్టు.

మురుగు మళ్లించాలంటే యలమందయ్య చేలో నుంచే కాలువ తవ్వాలి. మందు తగ్గించమనాలంటే బావను ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పాలి. తూము దగ్గర కడగొద్దని చెప్పాలంటే మాత్రం ఎవరినీ నొప్పించక్కర్లేదు. ఇది స్తుతికి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఆదివారం మధ్యాహ్నం రైతుల్ని షెడ్డుకు పిలుస్తున్నాను, నువ్వే చెప్పాలి అని అతనంటే, రాత్రంతా ఎలా చెప్పాలో మనసులో కూర్చుకుంది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్లింది. షెడ్డులో రైతులు కుర్చీల్లో కూచున్నారు. యలమందయ్య ముందు వరసలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. మందు కొట్టే ముఠాను కూడా పిలిపించారని ఆమెకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. వాళ్లు రేకుల కింద కాకుండా బయట ఎండలో నిలబడి ఉన్నారు. జక్రయ్య చర్చి బట్టల్లోనే వచ్చాడు.

స్తుతి చెప్పింది. చేల మురుగు దగ్గర మొదలుపెట్టింది. ఎండ సంగతి చెప్పింది. తల్లి చేపల కడుపులో గుడ్లు ఎలా కరిగిపోతున్నాయో చెబుతుంటే రైతులు కొందరు శ్రద్ధగానే విన్నారు. ఇంతలో వీరాంజనేయులు మెల్లగా అందుకున్నాడు.

"ఆ తూము సంగతి చెప్పమ్మా."

ఆమె ఆగింది. "అది కొంచెమేనండి. అసలుది..."

"కొంచెమో గొప్పో, కడుగుతున్నారా లేదా?" అన్నాడు యలమందయ్య. "మన కాలువలో విషం డబ్బాలు కడుగుతున్నారు, ఈయన చేపలు చస్తున్నాయి. ఎవరు కడుగుతున్నారమ్మా? నువ్వే చూశావంట కదా."

స్తుతి చూపు బయట ఎండలోకి పోయి, వెంటనే వెనక్కి తిరిగింది. జక్రయ్య ఎండలో నుంచి రెండడుగులు ముందుకొచ్చి నీడలో నిలబడ్డాడు.

"నేనేనండి," అన్నాడు. "మీ మందే, మీ పంపులే. మీ బోరు దగ్గర కడగనివ్వలేదు గదండీ."

"నా బోరు దగ్గర కడిగితే నా గేదెలు ఏం తాగాలిరా?" అన్నాడు యలమందయ్య.

ఆ మాటలో ఏముందో కుర్చీల్లో ఉన్న ఒక్కరికీ తట్టలేదు. అందరూ తలలూపారు. గేదెలున్నవాళ్లే అందరూ. స్తుతి వీరాంజనేయులు వైపు తిరిగింది.

"అయ్యా, డబ్బాలు కడిగిన నీళ్లు గోరంతండీ. చేల నుంచి వచ్చేది చూడకపోతే ఇది ఆపినా..."

"చూద్దాం తల్లీ, అది తర్వాత చూద్దాం," అన్నాడతను. అంత మర్యాదగా అన్నాడు కాబట్టి ఇక మాట్లాడటానికి లేకపోయింది.

కాలనీవాళ్లు ఎవరూ పంపులతో కాలువగట్టు ఎక్కకూడదని తేల్చారు. ముఠాను ఇక పిలవనని యలమందయ్య అక్కడే చెప్పేశాడు. అతను పిలవకపోతే మిగతావాళ్లూ పిలవరు. ఎలాగూ ఆ ఏడు అతను మందు కొట్టడానికి డ్రోను మాట్లాడుకునే ఆలోచనలోనే ఉన్నాడని ఊళ్లో అందరికీ తెలుసు. మనుషుల్ని మాన్పించడానికి ఒక మాట కావలసి వచ్చింది. ఆ మాట స్తుతి ఇచ్చింది.

ఆ సాయంత్రం జక్రయ్య ఇంటి ముందు మంచం మీద కూచుని చాలాసేపు చేతులవంక చూసుకున్నాడు. మందు నీళ్లకు గోళ్లు ఎప్పుడో పసుపురంగుకు తిరిగిపోయాయి. స్తుతి వచ్చి కింద కూచుంది.

"అక్కడ కడిగేది నేనని నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు నాన్నా. కానీ నేను అదొక్కటే చెప్పలేదు."

"వాళ్లకు కావలసింది అదొక్కటే కదమ్మా."

అంతకు మించి తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది. తిట్టింది రెబ్కా. వంటింట్లో గిన్నెలు విసిరేస్తూ, చదివించినందుకు తన చెప్పుతో తననే కొట్టుకోవాలంది. కాలనీలో ఎవరూ ఎదురుపడి ఏమీ అనలేదు. చర్చిలో చాప మీద ఆమె వచ్చి కూచుంటే పక్కవాళ్లు పిల్లల్ని సర్దుకున్నట్టు సర్దుకుని కొంచెం జరిగేవారు. ముఠాలో పనిచేసే ఒకతని భార్య హెలెన్, స్తుతితో కలిసి పదో తరగతి చదివిన మనిషి, కుళాయి దగ్గర కనబడితే బిందె నిండకుండానే ఎత్తుకుని పోయేది.

మిరప నాట్లు అయ్యాక డ్రోను వచ్చింది. వ్యానులో ఇద్దరు కుర్రవాళ్లు వచ్చి, గట్టు మీద నిలబడి, చేతిలో పెట్టెతో దాన్ని ఎగరేశారు. ఊరంతా చూడటానికి పోయింది. ముఠా చేసే పనిని అది టిఫిను వేళలోపు ముగించేసింది. తర్వాత వాళ్లు వ్యాను తూము దగ్గరికి పోనిచ్చి, ట్యాంకు విప్పి, కాలువలో కడుక్కున్నారు. హేచరీ గట్టు మీద నుంచి స్తుతికి అది స్పష్టంగా కనిపించింది. వెళ్లి వీరాంజనేయులుకు చెప్పింది.

"వాళ్లు బయటివాళ్లు కదా," అన్నాడతను. "ఒకటి రెండు సార్లకు ఏమవుతుందిలే."

దసరా తర్వాత జక్రయ్య చీమకుర్తి పోయాడు. అక్కడ గ్రానైట్ పలకలు కోసే చోట ఎవరో పాత తెలిసినవాడు ఉన్నాడు. రంపం మీద నీళ్లు పోసే పని. ఆ వయసులో అంతకన్నా ఎవరిస్తారు. బస్టాపు దాకా సంచి మోసుకుని స్తుతి వెంట వెళ్లింది. ఒంగోలు బస్సు వచ్చేదాకా అతను ఊరి సంగతులు మాట్లాడాడు, ఆ చేను ఎట్లా ఉంది, ఈ చేను ఎట్లా ఉంది అని. బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి చాపి సంచి అందుకుంటూ, "నీ ఉద్యోగం జాగ్రత్త," అన్నాడు. ఫోనులో గొంతు విన్నప్పుడల్లా దగ్గు వినిపించేది. దుమ్ము అనేవాడు. అదివరకు మందు అనేవాడు.

చిన్న చెరువును వీరాంజనేయులు తీసెయ్యలేదు. హేచరీకి ఎవరైనా వస్తే, చెరువులు ఉన్న రైతులో, అధికారులో, కాలేజీ పిల్లలో, ముందు అక్కడికే తీసుకుపోయేవాడు. స్తుతి వల వేయించి, మెరిసే తల్లి ఒకదాన్ని పైకెత్తి చూపించాలి. "మా దగ్గర అన్నీ ఇట్లాగే ఉంటాయి," అనేవాడు పక్కన నిలబడి. పెద్ద చెరువుకు బోరు వేయించమని, కనీసం పచ్చ వల కప్పించమని ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. అమ్మడానికి కావలసిన చేపపిల్లల్ని అతను కైకలూరు వైపు నుంచి సంచుల్లో తెప్పించడం మొదలుపెట్టాడు. తెల్లారకముందే వ్యాను వచ్చేది. ఆ సంచులు విప్పి, నీళ్లు మార్చి, తమ సంచుల్లోకి ఎక్కించడం ఇప్పుడు ఆమె పని. చుట్టుపక్కల వాళ్లు ఇక్కడ పుట్టినవే అనుకుని కొనుక్కుపోయేవారు. మాబూబీ ఒకసారి అంది: "చేప గుడ్లకే ఇట్లా అయితే, ఆ మందు కొట్టేవాళ్ల సంగతేంటమ్మాయ్? వాళ్లకెవరన్నా పొట్ట కోసి చూశారా?" స్తుతి సంచి నోరు రబ్బరుబ్యాండుతో బిగించింది.

ఆ తర్వాతి జూన్‌లో తొలకరికి ముందే వీరాంజనేయులు పెద్ద చెరువు ఎండగట్టించాడు. గుడ్లు పెట్టని తల్లుల్ని మేపడం దండగన్నాడు. ఇంజను పెట్టి నీళ్లు తోడేస్తుంటే బురదలో తల్లి చేపలు వీపులు బయటపెట్టి కొట్టుకున్నాయి. ముసలి చేప మాంసం పీచుగా ఉంటుందని వ్యాపారులెవరూ తీసుకోలేదు. చవగ్గా ఇస్తానని కాలనీలో చెప్పించాడు.

ఆడవాళ్లు గిన్నెలు, తట్టలు పట్టుకుని వచ్చారు. పొట్ట నిండుగా ఉన్నవాటి కోసమే చూశారందరూ, లోపల గుడ్లుంటాయని. తూకం దగ్గర స్తుతిని నిలబెట్టారు. మొదటి చేప తక్కెట్లో వేసినప్పుడే ఆమె అంది: "గుడ్లు తినొద్దు. పొట్టలో కొవ్వు కూడా తీసి పారెయ్యండి. ఇవి ఆ నీళ్లలో పెరిగినవి. మందు ఎక్కువగా చేరేది అక్కడే."

వరసలో ముందున్న హెలెన్ తన చేపను తనే తట్టలోకి ఎత్తుకుంది.

"నువ్వు చెప్పిన ఒక మాటకు మా ఆయన పని పోయింది. ఇప్పుడు నాలుగు గుడ్లు తింటానికి కూడా నిన్ను అడగాలా?"

"నిజం చెబుతున్నా హెలెన్."

"అప్పుడు కూడా నిజమే చెప్పావుగా," అని పక్కకు జరిగింది.

వెనక నుంచి రెబ్కా వచ్చింది. చేతిలో ఇంటి సత్తు గిన్నె. కూతురి మొహం చూడకుండా ఒక పెద్ద శీలావతి చేపను చూపించింది.

"మీ నాన్న ఆదివారం వస్తున్నాడు. గుడ్ల కూర చేసి పెట్టమన్నాడు. ఎన్నాళ్లకో నోరు తెరిచి ఒకటి అడిగాడు."

స్తుతి ఆ చేపను తక్కెట్లో వెయ్యలేదు. కత్తిపీట ముందుకు లాక్కుని అక్కడే కూచుంది. పొలుసు తియ్యకుండానే పొట్ట చీల్చి, రెండు వేళ్లు పెట్టి గుడ్ల సంచి మొత్తం బయటికి లాగింది. కొన్ని పసుపుగా, కొన్ని గోధుమరంగుగా, కొన్ని జిగురుగా. దాన్ని పక్కనున్న బురదగుంటలోకి విసిరేసి, చేపను తిప్పి తిప్పి కడిగి, తల్లి గిన్నెలో పెట్టింది. గిన్నె ఇప్పుడు తేలిగ్గా ఉంది.

రెబ్కా గుంట వైపు చూసింది. అప్పటికే అక్కడ కుక్క ఒకటి చేరింది.

"అదొక్కటైనా మిగల్చలేకపోయావు," అంది. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. గిన్నె చంకనెత్తుకుని వెనక్కి చూడకుండా కాలనీ దారి పట్టింది.

మిగతావాళ్లు తమ చేపల్ని కోయించుకోలేదు. ఇంటికి పోయి కోసుకుంటామన్నారు. నిండు పొట్టల్ని కొంగులతో కప్పుకుని, ఆమె కత్తిపీటకు ఎడంగా నిలబడ్డారు. స్తుతి లేచి, చేతులు కడుక్కుని, తూకం రాళ్లు సరిచూసుకుంది.

"తర్వాత ఎవరు?" అంది.